ఫ్లాపీ బూట్ వరకే, మిగతాది సీడీ నుంచి

యాంకర్: తెనాలి నుంచి కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం సార్. నాన్నగారి 486 కంప్యూటర్ ఉంది, మెమరీ 16 ఎంబీ. నెట్‌బీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామని సీడీ రాశాను. డ్రైవ్ తిరుగుతోంది గానీ బూట్ అవ్వట్లేదు.

నిపుణుడు: నమస్తే అమ్మా. డ్రైవ్ మంచిదే అయ్యుంటుంది. సీడీ నుంచి బూట్ అయ్యే ఎల్ టొరిటో పద్ధతి వచ్చిందే 1995లో. అంతకుముందు బయోస్‌లకు, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌లకు, అది తెలియదు. ఫ్లాపీతోనే మొదలుపెట్టాలి. 16 ఎంబీకి ఇప్పటి విడుదల బరువు. 2002లో వచ్చిన నెట్‌బీఎస్‌డీ 1.6 తీసుకోండి, పాత విడుదలలు ఆ ప్రాజెక్టు ఆర్కైవ్‌లో ఉన్నాయి.

కాలర్: ఫ్లాపీ ఇమేజ్, అదే ఫ్లాపీ మొత్తానికి నకలుగా ఉండే ఫైల్, కూడా ఫ్లాపీలోకి కాపీ చేశాను సార్. ‘నాన్ సిస్టమ్ డిస్క్’ అంటోంది.

నిపుణుడు: ఫైల్‌గా కాపీ చేస్తే అలాగే అంటుంది. బయోస్ ఫైళ్లు వెతకదమ్మా, ఫ్లాపీ మీద మొదటి సెక్టార్, అంటే మొట్టమొదటి చిన్న ముక్క, చదివి దాన్నే నడుపుతుంది. అందుకని ఇమేజ్‌ని ఆ సెక్టార్ నుంచి ఉన్నదున్నట్టు రాయాలి. దానికి లినక్స్‌లో డీడీ, విండోస్‌లో రారైట్ అనే ప్రోగ్రామ్‌లున్నాయి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ అయితే జాగ్రత్త! లినక్స్‌లో అది హార్డ్‌డిస్క్ లాంటి పేరుతోనే కనిపిస్తుంది. సైజు 1.44 ఎంబీ అని చూశాకే ఎంటర్ కొట్టండి, లేకపోతే ఆ రాత మీ లాప్‌టాప్ హార్డ్‌డిస్క్ మీద పడి అందులో ఉన్నదంతా పోతుంది. రాశాక ఫ్లాపీని తిరిగి చదివి, ఫైళ్లను పోల్చే సీఎంపీ కమాండ్‌తో ఇమేజ్‌తో సరిచూడండి. ఈ పని మాత్రం మానొద్దు. మన కోస్తా తేమకి పాత ఫ్లాపీలు బూజు పడతాయి. షట్టర్ జరిపి చూడండి, తెల్ల మచ్చలుంటే డ్రైవ్‌లో పెట్టనే వద్దు. ఆ బూజు హెడ్‌కి అంటుకుని తర్వాతి ఫ్లాపీని కూడా పాడుచేస్తుంది.

కాలర్: మరి సీడీ?

నిపుణుడు: పనికొస్తుందమ్మా. 1.6 ఐఎస్ఓనే, అంటే దాని సీడీ ఇమేజ్‌నే, తక్కువ వేగంలో ఒక్కసారే రాయగలిగే సీడీ-ఆర్ మీద రాయండి. పాత డ్రైవ్‌లు రీరైటబుల్ డిస్కుల్ని చాలావరకు చదవలేవు. ఫ్లాపీతో బూట్ అయ్యాక ఇన్‌స్టాలర్ మిగతా సెట్లన్నీ, అంటే సిస్టమ్ ఫైళ్ల కట్టలన్నీ, సీడీ నుంచే తీసుకుంటుంది. డ్రైవ్ మొరాయిస్తే ఎన్ఈ2000 రకం నెట్‌వర్క్ కార్డు పెట్టి లాప్‌టాప్ నుంచి ఎఫ్‌టీపీతో, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంపే పద్ధతితో, పంపొచ్చు.

కాలర్: హార్డ్‌డిస్క్‌లో నాన్నగారి లెక్కలు, ఉత్తరాలు ఉన్నాయి సార్.

నిపుణుడు: అయితే ఇవాళ ఏమీ ఇన్‌స్టాల్ చేయొద్దమ్మా. ముందు ఆ డిస్క్ తీసి మొత్తం ఇమేజ్ చేసుకోండి. అంత పాత డిస్కులు కొన్నిటిని యూఎస్‌బీ అడాప్టర్ గుర్తించదు. అప్పుడు ఐడీఈ పోర్టున్న, అంటే పాత హార్డ్‌డిస్కులు తగిలించే పోర్టున్న, పాత డెస్క్‌టాప్‌కి తగిలించండి. ఆ ఇమేజ్ తెరిచి ఉత్తరాలు చదవగలిగాకే ఫ్లాపీ పెట్టండి.