ఆ ఒక్కటే దించుకున్నాను

అందరికీ నమస్కారం.

మొన్న మా అత్తయ్య తన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టారు. "దీనికి వయసైపోయింది. ఆన్ చేసి, స్నానం చేసి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కొత్తది కొనెయ్యమంటావా?" అని అడిగారు. కొని మూడేళ్లు. ఆన్ చేసి చూశాను. వాతావరణం చెప్పేది ఒకటి లేచింది. ఆవిడ ఎన్నడూ తెరవని పాటల ప్రోగ్రాం ఒకటి లేచింది. లాప్‌టాప్‌తో పాటే వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరిందని గోల పెట్టింది. 'మీ కంప్యూటర్‌లో 1,412 లోపాలున్నాయి' అని మరొకటి ఎర్రటి అక్షరాలతో బెదిరించింది. బ్రౌజర్ తెరిస్తే పేరైనా వినని సెర్చ్ పేజీ. "ఇవన్నీ మీరే పెట్టుకున్నారా అత్తయ్యా?" అంటే, "నేనెందుకు పెడతాను? పీడీఎఫ్ తెరవడానికి ఒక్కటే దించుకున్నాను" అన్నారు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. దించుకున్నది ఒక్కటే, దాని వెంట ఎక్కినవి నాలుగు.

ఆ ఇన్‌స్టాలర్‌ను నా దగ్గరున్న పాత కంప్యూటర్‌లో మళ్లీ నడిపి చూశాను. మొదటి తెర స్వాగతం. రెండోది నిబంధనలు. మూడో తెరలో రెండు దారులు: 'ఎక్స్‌ప్రెస్', పక్కనే 'సిఫార్సు చేస్తున్నాం' అన్న మాట, ముందే ఎంపికై ఉంటుంది. 'కస్టమ్' అన్నది మాత్రం బూడిద రంగులో, నొక్కినా పనిచేయదేమో అన్నట్టు ఉంటుంది. నొక్కండి, పనిచేస్తుంది. నొక్కగానే అప్పటిదాకా కనపడని మూడు టిక్కులు బయటపడ్డాయి: బ్రౌజర్ పైభాగాన అదనపు పట్టీలా కూర్చునే టూల్‌బార్ పెట్టడానికి ఒకటి, హోం పేజీ మార్చడానికి ఒకటి, ఆ లోపాలు లెక్కపెట్టే మహానుభావుడికి ఒకటి. నాలుగో తెర ఇంకా గడుసుది. మళ్లీ ఒక నిబంధనల పత్రం, కింద 'అంగీకరిస్తున్నాను', 'నిరాకరిస్తున్నాను'. నిరాకరిస్తే మొత్తం ఆగిపోతుందని మనకు భయం. కానీ అది మనం కోరిన ప్రోగ్రాం పత్రం కాదు, పక్కన వేలాడుతున్న మరో దానిది. నిరాకరించాను. పీడీఎఫ్ ప్రోగ్రాం నిక్షేపంగా ఎక్కింది.

ఇంత తెలివి ఎందుకు ఖర్చు పెడతారంటే, డబ్బు ఉంది కాబట్టి. ఈ వ్యాపారాన్ని గూగుల్, న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు కలిసి తవ్వి, 2016లో ఫలితాలు బయటపెట్టారు. తమ ప్రోగ్రాం ఒక్క కంప్యూటర్‌లోకి ఎక్కితే చాలు, ఎక్కించినవాడికి 10 సెంట్ల నుంచి ఒకటిన్నర డాలర్ల దాకా ముట్టజెబుతున్నారని తేలింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ గురించి గూగుల్ అప్పట్లో వారానికి 6 కోట్లకు పైగా హెచ్చరికలు చూపించేది. అసలైన వైరస్‌ల హెచ్చరికలకు అది దాదాపు మూడు రెట్లు. మనకు ఉచితంగా వచ్చిన ప్రోగ్రాంకు మన ఒక్క 'నెక్స్ట్' నొక్కుడే వెల.

ఇదంతా ఊరూ పేరూ లేనివాళ్ల పని అనుకోకండి. కొన్ని ప్రోగ్రాంలు నడవడానికి కావలసిన జావా అనే సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసుకున్నవాళ్లకు ఏళ్ల తరబడి ఆస్క్ టూల్‌బార్ టిక్కు ఎదురయ్యేది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు పెట్టింది పేరైన సోర్స్‌ఫోర్జ్ వెబ్‌సైట్ సైతం 2013లో ఇలాంటి ఇన్‌స్టాలర్లు మొదలుపెట్టింది. బొమ్మలు దిద్దే గింప్ ప్రోగ్రాం తయారీదారులు ఆ ఏడాదే తమ విండోస్ డౌన్‌లోడ్లను అక్కడి నుంచి తీసేసుకున్నారు. 2016లో యాజమాన్యం మారాకే ఆ పద్ధతి పోయింది.

కొన్నిసార్లు ఇన్‌స్టాలర్ అవసరం కూడా లేదు, ఫ్యాక్టరీలోనే ఎక్కించి పంపుతారు. 2015లో బయటపడ్డ సూపర్‌ఫిష్ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లెనోవో కొన్ని లాప్‌టాప్‌లలో ముందే పెట్టిన ప్రకటనల ప్రోగ్రాం అది. తాళం గుర్తు ఉన్న సురక్షిత పేజీల్లో కూడా ప్రకటనలు దూర్చడానికి అది తన సొంత భద్రతా సర్టిఫికెట్‌ను, అంటే 'ఈ సైట్ అసలైనదే' అని బ్రౌజర్‌కు హామీ ఇచ్చే పత్రాన్ని, విండోస్‌లో నాటింది. దాని రహస్య తాళంచెవి అన్ని లాప్‌టాప్‌లలోనూ ఒక్కటే. సంగతి బయటపడగానే ఒక పరిశోధకుడు ఆ తాళంచెవిని కాపాడే పాస్‌వర్డ్‌ను ఛేదించాడు. అంటే ఆ తాళంచెవి చేతికి చిక్కినవాడు, మీరున్న వైఫైలోనే కూర్చుని, మీ బ్యాంకు పేజీకి నకలు సృష్టించినా బ్రౌజర్ కిక్కురుమనదు. ప్రకటనల కోసం ఇంత పని!

సరే, అత్తయ్య లాప్‌టాప్ దగ్గరికి వద్దాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. విండోస్ 8 నుంచి అందులో స్టార్టప్ అని ఒక విభాగం ఉంది. ఒక్కోదాని ఎదురుగా దాని భారం ఎంతో రాసి ఉంటుంది. లేచేటప్పుడు ప్రాసెసర్‌ను ఒక సెకను కంటే ఎక్కువ వాడుకున్నా, డిస్కు మీద 3 ఎంబీ కంటే ఎక్కువ చదివి రాసినా 'హై' అంటుంది. ఆవిడ జాబితాలో 19 ఉంటే అందులో ఏడు 'హై'. టచ్‌ప్యాడ్, సౌండ్, భద్రతకు సంబంధించినవి వదిలేసి మిగిలినవి డిసేబుల్ చేశాను. డిసేబుల్ అంటే తీసేయడం కాదు, పొద్దున్నే లేవొద్దని చెప్పడం. పొరపాటున అవసరమైనదాన్ని ఆపినా మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు కాబట్టి ఇక్కడ ధైర్యంగా ఉండండి. మాక్ వాడేవాళ్లకు ఇదే జాబితా సెట్టింగ్స్‌లో 'లాగిన్ ఐటమ్స్' కింద ఉంటుంది.

తీసేయడం దగ్గర నాకిష్టమైన చిట్కా ఒకటుంది. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాను తేదీ వారీగా పేర్చండి. పీడీఎఫ్ ప్రోగ్రాం ఎక్కిన రోజునే ఎక్కినవి పక్కపక్కనే, దొంగతనానికి కలిసి వచ్చిన ముఠాలా నిలబడి ఉంటాయి. తీసేస్తుంటే 'మమ్మల్ని ఉంచుతారా?' అని ఒకటి అడిగింది. 'అవును' బటన్ పెద్దగా, రంగుల్లో ఉంది. చదివి నొక్కండి. వీటన్నిటినీ శుభ్రం చేస్తానని చెప్పే కొత్త ప్రోగ్రాంను మాత్రం వెతుక్కుని తెచ్చుకోకండి. ఆ 1,412 లోపాలు లెక్కపెట్టినది సరిగ్గా ఆ జాతిదే. వెబ్‌సైట్లు వదిలే, ఎవరికీ హాని చేయని కుకీలను, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలోని పాత గుర్తులను కలిపి లోపాలంటుంది, సరిచేయడానికి డబ్బడుగుతుంది. విండోస్ సెక్యూరిటీలోనే అవాంఛిత యాప్‌లను అడ్డుకునే మీట ఉంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

రీస్టార్ట్ చేశాం. నిమిషంలోపే తెర సిద్ధమైంది. అత్తయ్య ముఖం వెలిగింది. బ్రౌజర్ తెరిచారు. మళ్లీ అదే సెర్చ్ పేజీ.

బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాంలు, అదే ఎక్స్‌టెన్షన్లు, ఉన్నాయేమో చూశాను, లేవు. హోం పేజీ సరిగానే ఉంది. అప్పుడు ఆటోరన్స్ దించుకున్నాను. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే చిన్న పనిముట్టు, కంప్యూటర్‌తో పాటు నిద్రలేచే ప్రతిదాన్నీ మూలమూలల నుంచి లాగి చూపిస్తుంది. దాన్ని రాసినవారిలో ఒకరైన మార్క్ రసినోవిచే, సోనీ బీఎంజీ మ్యూజిక్ సీడీలు కంప్యూటర్లలో రహస్యంగా దాచిన ప్రోగ్రాంను 2005లో పట్టుకున్నారు. ఆటోరన్స్‌లో, చెప్పిన వేళకు పనులు నడిపించే టాస్క్ షెడ్యూలర్ కింద, 'అప్‌డేట్' అనే అమాయకపు పేరుతో ఒక పని కనిపించింది. లాగిన్ అయిన ప్రతిసారీ అది ఏం చేస్తోందో అత్తయ్యకు చూపించాను. డెస్క్‌టాప్ మీది బ్రౌజర్ గుర్తుపై కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచి, 'టార్గెట్' గడిలో చివరిదాకా జరిపాను. బ్రౌజర్ పేరు అయిపోయాక, ఒక ఖాళీ వదిలి, ఆ సెర్చ్ పేజీ చిరునామా తోకలా అతికించి ఉంది. ముందు ఆ షెడ్యూలర్ పనిని తీసేశాను. తరువాత ఆ తోకను అత్తయ్యే స్వయంగా, ఒక్కో అక్షరం చెరిపేశారు.