ఆస్ట్రేలియాలో చైనా వైద్యం: లైసెన్సు దేనికి ఇచ్చారు?

నమస్కారం. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఉండే మనవాళ్లు నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ చేయించుకుని, "పనిచేయకపోతే ప్రభుత్వం గుర్తిస్తుందా?" అంటారు. ఈ మాట వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నాను.

డ్రైవింగ్ లైసెన్సునే తీసుకోండి. ఈ మనిషికి బండి నడపడం వచ్చు, ఎవరినైనా గుద్దితే పట్టుకోవడానికి పేరూ ఊరూ మా దగ్గరున్నాయి. అది చెప్పేది అంతే. ఆ బండి మిమ్మల్ని తిరుపతి చేరుస్తుందని ఆర్టీవో హామీ ఇవ్వడు.

అక్కడ చైనా వైద్యులకు ముందుగా చట్టం చేసింది విక్టోరియా రాష్ట్రం, 2000లో. 2012 జూలై 1 నుంచి దేశమంతటా రిజిస్ట్రేషన్ వచ్చింది. చదువు, బీమా, ఒక్కసారి వాడి పారేసే సూదులు, ప్రకటనల్లో గొప్పలు పోకపోవడం... ఈ రిజిస్ట్రేషన్ చూసే చైనా వైద్య బోర్డు పట్టించుకునేవి ఇవీ.

ఇందులో ఒక తమాషా ఉంది. రిజిస్టర్ కాకుండా 'ఆక్యుపంక్చరిస్టు' అని చెప్పుకుంటే 60,000 డాలర్ల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. అలాంటి సూదినే ఫిజియోథెరపిస్టు 'డ్రై నీడ్లింగ్' అంటూ గుచ్చితే తప్పులేదు. బండి నడుపుకోవచ్చట, డ్రైవర్‌నని మాత్రం అనకూడదట! చైనా వైద్యులు దీని మీద గుర్రుగా ఉంటే నేనైతే తప్పుపట్టను.

మందుల దగ్గర మాత్రం పట్టు బిగుస్తుంది. మా హువాంగ్ తాంగ్ అని జలుబుకూ ఆయాసానికీ ఇచ్చే పాత కషాయం ఉంది. దినుసులు నాలుగే: మా హువాంగ్ అనే మూలిక, దాల్చిన రెమ్మలు, ఆప్రికాట్ గింజలు, అతిమధురం. మొదటిదానిలో ఎఫెడ్రిన్ ఉంటుంది. అది గుండెను పరుగులు పెట్టిస్తుంది, రక్తపోటు పెంచుతుంది. అందుకే డాక్టర్ చీటీ ఉంటేనే ఇవ్వాలి. చైనా వైద్యుడికి ఆ చీటీ రాసే అధికారం లేదు. ఏ దినుసు పేరు మీద కషాయం ఉందో దాన్నే తీసేసి, వేరే మూలికలతో సర్దుకోవాలి. లైసెన్సు జేబులోనే ఉంది, ఆ దారికి గేటు వేశారు.

అతిజాగ్రత్త అంటారా? 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే మందులో ఫాంగ్ జీ అనే మూలికకు బదులు, పేరు కలిసే గువాంగ్ ఫాంగ్ జీ అనే వేరే మూలిక పడింది. దానిలోని అరిస్టొలోకిక్ ఆమ్లం వల్ల వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆ జాతి మొక్కలు ఆస్ట్రేలియాలో నిషిద్ధం. ఈ విషయంలో నా ఓటు చట్టానికే.

సమయం అయిపోతోంది, గబగబా రెండు మాటలు. హాంకాంగ్‌లో రిజిస్టరైన చైనా వైద్యుడు సిక్ లీవు సర్టిఫికెట్ కూడా ఇవ్వగలడు. బ్రిటన్ 2011లో ఇలాంటి చట్టం తెస్తానని చెప్పి, ఆ తర్వాత వదిలేసింది. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు వెళ్లబోయే వైద్యుడి పేరు ఆన్‌లైన్ రిజిస్టర్‌లో ముందే చూసుకోండి. ఆయన మీద షరతులేమైనా ఉంటే పేరు పక్కనే కనిపిస్తాయి.