బుగ్గల మీద మచ్చలన్నీ మంగు కాదు: లూపస్, చర్మం రంగు, ఆలస్యమయ్యే వైద్యం

[తెర మీద: ఒకే ముఖం, రెండు ఫోన్ ఫొటోలు. కింద తేదీలు: మార్చి 2018, నవంబర్ 2018]

ఈ రెండు ఫొటోల్లో ఉన్నది నేనే. మొదటి ఫొటోలో బుగ్గల మీద, ముక్కు దూలం మీద కొంచెం నల్లబడినట్టు కనిపిస్తోంది కదా. అప్పటికి అట్లాంటా శివార్లలో ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. వీడియో కాల్‌లో చూసి ఖమ్మం నుంచి మా అమ్మ అన్న మాట, "మంగొచ్చిందే నీకు. జాజికాయ అరగదీసి పెట్టు."

పెట్టాను. తగ్గలేదు. ఇక్కడ ఒక క్లినిక్‌కు వెళితే డాక్టర్ కూడా దాదాపు అదే మాట అన్నారు. పిగ్మెంటేషన్, మీ చర్మానికి మామూలే అని ఒక క్రీమ్ రాసిచ్చారు. పొద్దున లేస్తే వేళ్లు బిగుసుకుపోతున్నాయని చెప్పాను. పని టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఎనిమిది నెలలు గడిచాక పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. మూత్రం నురగ నురగగా వచ్చింది. అప్పుడు ఒక నర్సు యూరిన్ టెస్ట్ చేయించింది. ప్రోటీన్ చాలా ఎక్కువగా పోతోంది. నాకు వచ్చింది మంగు కాదు, లూపస్. అప్పటికే కిడ్నీల దాకా వెళ్లింది.

[తెర మీద: లూపస్]

మన ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ అనేది కాపలా సైన్యం లాంటిది. బయటి నుంచి వచ్చిన క్రిముల మీద యుద్ధం చేయాలి. లూపస్‌లో ఆ సైన్యం సొంత ఒంటినే శత్రువు అనుకుంటుంది. కీళ్లు, చర్మం, కిడ్నీలు, గుండె చుట్టూ ఉండే పొర, మెదడు, దేని మీదకైనా వెళ్లొచ్చు. ఇలాంటి జబ్బులను ఆటోఇమ్యూన్ జబ్బులు అంటారు. మనకు బాగా తెలిసిన కీళ్లవాతం కూడా వీటిలో ఒకటే. లూపస్ వచ్చిన ప్రతి పదిమందిలో తొమ్మిది మంది ఆడవాళ్లే. ఎక్కువగా పదిహేను నుంచి నలభై నాలుగేళ్ల మధ్య, అంటే చదువు, పెళ్లి, పిల్లలు, ఉద్యోగం అన్నీ ఉండే వయసులో వస్తుంది.

అది అందరికీ ఒకేలా రాదు. అమెరికాలో జార్జియా, మిషిగన్, కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో, ఆదివాసీల ఆరోగ్య సేవల సంస్థలో రోగుల రికార్డులు వెతికి లెక్కలు తీశారు. 2021లో వాటన్నిటినీ కలిపి చూశారు.

[తెర మీద, లక్షమంది మహిళలకు: తెల్లజాతి 85, లాటినో 121, నల్లజాతి 231, అమెరికా ఆదివాసీలు 271]

ఆసియా మహిళల లెక్క దాదాపు తెల్లవాళ్ల లెక్కంత ఉంది. అయితే అందులో చైనా, ఫిలిప్పీన్స్, ఇండియా, పసిఫిక్ దీవుల వాళ్లందరినీ ఒకే గంపలో వేశారు. మనవాళ్లది విడిగా తీస్తే ఎంత ఉంటుందో ఆ అంకె చెప్పదు. లూపస్ వచ్చాక కిడ్నీలు దెబ్బతినడం మాత్రం నల్లజాతి, లాటినో, ఆసియా వాళ్లలో తెల్లవాళ్ల కంటే ఎక్కువ.

[తెర మీద: తెల్లటి ముఖం మీద ఎర్రటి సీతాకోకచిలుక ఆకారం. పక్కన చామనఛాయ ముఖం, నలుపు ముఖం]

ఇక మచ్చ సంగతికి వద్దాం. లూపస్ అనగానే ఏ డాక్టర్‌కైనా గుర్తొచ్చేది సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఎర్రటి దద్దురు. రెండు బుగ్గల మీద రెక్కలు, మధ్యలో ముక్కు దూలం. ఇందులో "ఎర్రటి" అనే మాట దగ్గరే మనం తప్పిపోతాం. తెల్లటి చర్మం మీద అది గులాబీ రంగులోనో ఎర్రగానో ఉంటుంది. చామనఛాయ మీద గోధుమ రంగులోనో, వంగపండు రంగులోనో ఉండొచ్చు. బాగా నల్లటి చర్మం మీద చుట్టుపక్కల కంటే ఇంకొంచెం నల్లగా మాత్రమే కనిపించొచ్చు. ఎరుపు కోసం వెతికే కంటికి అది కనబడదు.

ఆ కన్ను అలా ఎందుకు తయారైంది? అమెరికా వైద్య విద్యార్థులు చదివే నాలుగు ప్రధాన పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు లెక్కపెట్టి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముదురు రంగు చర్మం ఉన్న బొమ్మలు నూటికి ఐదు కూడా లేవు. లండన్‌లో వైద్యం చదువుతున్న మలోన్ ముక్వెండే అనే నల్లజాతి యువకుడు తరగతిలో ఇదే ప్రశ్న వేశాడు. నా చర్మం మీద ఇది ఎలా కనిపిస్తుంది అని. చివరికి 2020లో తన అధ్యాపకులతో కలిసి, నలుపు, గోధుమ రంగు చర్మం మీద జబ్బుల గుర్తులు ఎలా ఉంటాయో చూపించే చిన్న పుస్తకం తయారుచేశాడు. ఒక విద్యార్థి పూనుకుంటే గానీ జరగని పనా ఇది? నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మంగుకూ దీనికీ తేడా ఇంట్లో కూర్చుని తేల్చలేం. కానీ కొన్ని సూచనలు ఉన్నాయి. లూపస్ దద్దురు సాధారణంగా ముక్కు పక్క నుంచి నోటి చివర దాకా వచ్చే మడతను వదిలేస్తుంది. మంగు పై పెదవి మీద, నుదుటి మీద కూడా వస్తుంది. ఎండ రెండింటినీ పెంచుతుంది, కాబట్టి ఎండ ఒక్కదాన్ని బట్టి చెప్పలేం. మంగుతో జ్వరం రాదు, కీళ్లు నొప్పి పెట్టవు, నోట్లో పుళ్లు రావు, జుట్టు కుచ్చులుగా ఊడదు. మచ్చతో పాటు ఇవి కూడా ఉంటే రుమటాలజిస్ట్ (కీళ్ల జబ్బులు, ఆటోఇమ్యూన్ జబ్బులు చూసే డాక్టర్) దగ్గరికి వెళ్లాల్సిందే. ఏఎన్ఏ అనే రక్త పరీక్షతో మొదలుపెడతారు.

[తెర మీద: ఒక యూరిన్ కప్పు]

ఈ వీడియోలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఈ కప్పును గుర్తుపెట్టుకోండి. లూపస్ కిడ్నీని తినేటప్పుడు మొదట్లో నొప్పి ఉండదు. మూత్రంలో ప్రోటీన్ చూసే పరీక్ష చాలా చవక, ఏ చిన్న ల్యాబ్‌లోనైనా చేస్తారు. నాకు అది ఎనిమిది నెలల ముందు ఎవరూ రాయలేదు.

కిడ్నీల దగ్గర ఇంకో అన్యాయం ఉంది. ఇది మన కంటికి కనిపించేది కాదు, లెక్కల్లో దాగి ఉంది. కిడ్నీ ఎంత పనిచేస్తోందో రక్తంలోని క్రియాటినిన్‌ను (కండరాల నుంచి వచ్చే వ్యర్థాన్ని) బట్టి ఒక సూత్రంతో అంచనా వేస్తారు. ఎంతోకాలం వాడిన ఒక సూత్రంలో రోగి నల్లజాతి మనిషి అయితే వచ్చిన అంకెను 1.21తో హెచ్చించేవాళ్లు. 2009లో వచ్చిన కొత్త సూత్రంలో అది 1.16 అయింది. నల్లవాళ్లకు కండ ఎక్కువ అనే ఊహ దాని వెనక ఉంది.

[తెర మీద: 18 × 1.16 = 20.9]

దీని ఫలితం చూడండి. అమెరికాలో ఇంకా డయాలసిస్ మొదలుకాని రోగికి కిడ్నీ మార్పిడి జాబితాలో నిరీక్షణ కాలం మొదలవ్వాలంటే ఆ అంకె 20 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. ఒక తెల్లజాతి మహిళకు 18 వస్తే ఆ రోజు నుంచే ఆమె వరుసలో ఉన్నట్టు. అదే రక్తం, అదే వయసు ఉన్న నల్లజాతి మహిళకు కాగితం మీద దాదాపు 21 అని రాసేవాళ్లు. ఆమె వరుసలో లేనట్టే. కిడ్నీ ఇంకా పాడయ్యే దాకా ఆగాల్సి వచ్చేది. 2021లో నిపుణుల బృందం ఈ జాతి లెక్కను తీసేయమంది. తర్వాత 2023 జనవరి నుంచి, పాత సూత్రం వల్ల నష్టపోయిన నల్లజాతి రోగుల నిరీక్షణ కాలాన్ని సరిదిద్దడం తప్పనిసరి చేశారు. వేలమందికి ఏళ్ల కాలం తిరిగి కలిసింది. అప్పటికే పోయినవాళ్లకు ఏం కలుపుతారు?

జన్యువుల పాత్ర లేదని నేను అనడం లేదు. పశ్చిమ ఆఫ్రికా మూలాలు ఉన్న కొందరిలో ఏపీఓఎల్1 అనే జన్యువు తేడా వల్ల కిడ్నీలు త్వరగా పాడవుతాయి. అది నిజం. కానీ కథ అంతా జన్యువే అయితే ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ, స్పెషలిస్ట్ దగ్గర్లో ఉన్నవాళ్లకూ మూడు గంటలు బస్సు ఎక్కి వెళ్లాల్సినవాళ్లకూ తేడా ఎందుకు వస్తోంది? మా అట్లాంటాలోనే లూపస్ ఉన్న నల్లజాతి మహిళలు నాలుగువందల మందికి పైగా పాల్గొన్న బీవెల్ అనే అధ్యయనం జరిగింది. 2019లో దాని ఫలితాలు వచ్చాయి. జాతి వివక్షను ఎక్కువగా ఎదుర్కొన్నామని చెప్పినవాళ్లలో జబ్బు తీవ్రత, అవయవాలకు జరిగిన నష్టం కూడా ఎక్కువగా కనిపించాయి. అవమానం మనసులోనే ఉండిపోదు, ఒంట్లోకి దిగుతుంది అని మన పెద్దవాళ్లు అనేది ఊరికే కాదు.

[తెర మీద: రోగుల్లో 43 శాతం, మందుల ప్రయోగాల్లో 14 శాతం]

మందుల విషయమూ ఇంతే. అమెరికా లూపస్ రోగుల్లో నల్లజాతి వాళ్లు దాదాపు 43 శాతం అయితే, కొత్త మందుల ప్రయోగాల్లో చేరినవాళ్లలో 14 శాతమే అని 2018లో ఒక పరిశీలన తేల్చింది. యాభై ఏళ్లకు పైగా కొత్త మందే రాని లూపస్‌కు 2011లో బెలిముమాబ్ వచ్చింది. నల్లజాతి వాళ్లు చాలా తక్కువమంది చేరడం వల్ల అది వాళ్లకు పనిచేస్తుందో లేదో తేలలేదు. విడిగా ఇంకో ప్రయోగం చేయమని ప్రభుత్వ సంస్థ ఆదేశించాల్సి వచ్చింది. ఏళ్లు పట్టింది. అందులోనూ ఫలితం మేలు వైపు మొగ్గింది గానీ గట్టిగా రుజువు కాలేదు.

వాళ్లెందుకు చేరరు అని తేలిగ్గా అనేస్తారు. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా నల్లజాతి మగవాళ్లకు సిఫిలిస్ ఉందని తెలిసీ వైద్యం చేయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ఆ కుటుంబాల మనవలు, మునిమనవలు ఇప్పుడు ఆస్పత్రి కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆలోచిస్తారు. ముందు నమ్మకం సంపాదించుకోవాల్సింది ఆస్పత్రులు.

ఇదంతా నల్లవాళ్ల గొడవ, మనకెందుకు అనే తెలుగువాళ్లను అమెరికాలో చాలామందిని చూశాను. వాళ్లకు నేను చెప్పేది అజాథయోప్రిన్ సంగతి. లూపస్‌కు తరచుగా వాడే మందు ఇది. కొందరి ఒంట్లో ఇది సరిగా విరగదు, తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ముందే కనిపెట్టడానికి ఏళ్ల తరబడి టీపీఎంటీ అనే పరీక్ష చేస్తున్నారు. యూరప్ మూలాల వాళ్లలో ఎక్కువగా ఉండే తేడా అది. మన దక్షిణాసియా వాళ్లలో, తూర్పు ఆసియా వాళ్లలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఎన్‌యూడీటీ15 అనే ఇంకో జన్యువు. దాని సంగతి 2014లో గానీ బయటపడలేదు. ఆ మందు మొదలుపెట్టే ముందు ఈ రెండో పరీక్ష కూడా అడగండి. హైదరాబాద్‌లో ఉన్నా, డాలస్‌లో ఉన్నా అడగండి.

[తెర మీద: ఖాళీ మందు డబ్బా]

2020 మార్చి, ఏప్రిల్ నెలలు కూడా మర్చిపోలేను. కరోనాకు పనిచేస్తుందన్న ప్రచారంతో హైడ్రాక్సీక్లోరోక్విన్ షాపుల్లోంచి మాయమైంది. లూపస్ ఉన్న దాదాపు ప్రతి ఒక్కరికీ అది రోజువారీ మందు. దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసే మన దేశమూ కొన్నాళ్లు ఎగుమతి ఆపింది. నేను మూడు ఫార్మసీలు తిరిగాను. చివరికి ఒక డబ్బాలో సగం మాత్రలు నాకు ఇచ్చింది నాలాగే లూపస్ ఉన్న నల్లజాతి ఆవిడ. ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో పరిచయం. ఆమెకు పదహారేళ్లుగా ఈ జబ్బు ఉంది. ఇలా మందులు పంచుకోవడం సరైన పద్ధతి కాదని ఇద్దరికీ తెలుసు. వేరే దారి లేదు.

ప్రోటీన్ రిపోర్టు ఎలా చదవాలో నాకు నేర్పింది కూడా ఆవిడే. మచ్చ వచ్చిన ప్రతిసారీ కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటో తీసి తేదీ రాసుకోమంది. డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజుకు మచ్చ తగ్గిపోయినా ఆధారం ఉంటుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి కంటి రెటీనా పరీక్ష, ఐదేళ్లు దాటాక ఏటా ఒకసారి చేయించుకోవాలని చెప్పింది.

[తెర మీద: ఇద్దరు మహిళలు ఫోన్‌లో మాట్లాడుకుంటున్న బొమ్మ]

ఆవిడ నాకు చేసిన పనిని సౌత్ కరొలైనాలోని చార్లెస్టన్‌లో ఒక పద్ధతిగా మార్చారు. అప్పట్లో అక్కడ పనిచేసిన పరిశోధకురాలు ఈడిత్ విలియమ్స్, లూపస్‌తో చాలాకాలంగా బతుకుతున్న నల్లజాతి మహిళలకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు లూపస్ ఉన్న వేరే నల్లజాతి మహిళలకు పన్నెండు వారాలు, వారానికోసారి ఫోన్ చేసేవాళ్లు. నొప్పి, మందులు, డాక్టర్‌తో ఎలా మాట్లాడాలి, ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలి, అన్నీ మాట్లాడుకునేవాళ్లు. ఆ చిన్న ప్రయోగంలో ఫలితాలు ఆశాజనకంగా కనిపించాయి. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఫోన్, ఓపిక, ఆ బాధ తెలిసిన మనిషి చాలు.

మన ఇళ్లలో ఇలాంటి మనిషి ఎందుకు దొరకదో తెలుసా? దాచేస్తాం కాబట్టి. సంబంధాలు చూసేటప్పుడు లూపస్ మాట బయటికి రానివ్వరు. పెళ్లిలో ఎవరైనా మాత్రలు చూస్తారని ఆపేసిన అమ్మాయిలు ఉన్నారు. పెళ్లైన నెలలోనే జబ్బు తిరగబెట్టి ఆస్పత్రిలో చేరతారు. గర్భం వస్తే భయపడి మందులన్నీ మానేసేవాళ్లూ ఉన్నారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భంలో కూడా కొనసాగించమనే నిపుణులు చెబుతారు. కొన్ని మందులు మాత్రం ముందే మార్చాలి, అందుకే గర్భం ప్లాన్ చేసుకునే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. అమ్మా, నాన్నా, దయచేసి ఆ మాత్రల డబ్బా దాచమని మీ పిల్లకు చెప్పకండి.

అమెరికాలో ఉన్న పెద్దవాళ్లకు ఇంకో మాట. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రులు తెలుగు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి, చాలాసార్లు ఫోన్‌లోనైనా దొరుకుతారు. కొడుకునో కోడలినో మధ్యలో పెట్టుకుంటే మూత్రం సంగతి, నెలసరి సంగతి చెప్పలేక మింగేస్తారు.

[తెర మీద: గోడ క్యాలెండర్, శనివారాల మీద సున్నాలు చుట్టి ఉన్నాయి]

ఇప్పుడు ప్రతి శనివారం పొద్దున నేను కూడా ఒకరికి ఫోన్ చేస్తాను. చదువు కోసం వచ్చిన తెలుగమ్మాయి, ఇరవై మూడేళ్లు. మొదటి వారం ఏడుపే. నాలుగో వారం ఇంట్లో చెప్పేసింది. వాళ్లమ్మ కూడా ముందు మంగే అనుకుందట. ఇది తొమ్మిదో వారం. మొన్న యూరిన్ రిపోర్టు ఫొటో తీసి పంపింది, కింద ఒక్క ముక్క రాసి: "అక్కా, సగానికి తగ్గింది."