క్యాప్స్ లాక్ నొక్కే చేతికి బ్లాక్‌లెటర్ ఇవ్వకండి

ప్రేక్షకులకు నమస్కారం. యూరప్ మధ్యయుగపు చేతిరాతను పోలి, నల్లగా దట్టంగా కనిపించే బ్లాక్‌లెటర్ ఫాంట్‌ల చుట్టూ నడుస్తున్న గొడవ మీకు తెలిసినదే. అది నాజీల అక్షరమనీ, దానిని పోస్టర్ మీద పెట్టినవారు సంజాయిషీ చెప్పుకోవాలనీ ఒక వర్గం అంటుంటే, అది ఉత్త అలంకారమనీ, ఎక్కడైనా వాడుకోవచ్చనీ మరో వర్గం అంటోంది. ఈ రెండు వర్గాలవారూ తమ వాదనకు మద్దతుగా చూపించిన నమూనాలను వరుసగా చూసిన తరువాత నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎందుకంటే ఇరువురూ చేసిన అపచారం ఒక్కటే, దాని గురించి మాత్రం ఎవరూ నోరు విప్పడం లేదు. పదం మొత్తాన్నీ క్యాపిటల్ అక్షరాలతోనే కొట్టి పెట్టారు. బ్లాక్‌లెటర్‌లో పదమంతా క్యాపిటల్స్‌లో పెట్టడం అభిరుచికి వదిలేయవలసిన విషయం కాదు, అది తప్పు. ఈ మాటను ఈ వీడియోలో ఎన్నిసార్లయినా చెబుతాను.

నాజీల సంగతి త్వరగా ముగిద్దాం. 1930లలో ఆ పాలకులు ఈ అక్షరాన్ని జర్మన్ జాతి చిహ్నంగా ఊరేగించిన మాట నిజం. అయితే 1941 జనవరి 3న నాజీ పార్టీ నాయకుడు మార్టిన్ బోర్మన్ సంతకంతో వెలువడిన ఉత్తర్వు దీనిని యూదుల అక్షరమని నిందించి, ఇకపై నేటి ఇంగ్లీషు పుస్తకాలలో కనిపించేలాంటి మామూలు రోమన్ అక్షరాలే వాడాలని ఆదేశించింది. ఆ ఉత్తర్వు ఉన్న కాగితం పైభాగాన పార్టీ పేరు బ్లాక్‌లెటర్‌లోనే అచ్చయి ఉండటం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1930లలోనే పుట్టిన టానెన్‌బర్గ్ వంటి మొరటు, సూటి గీతల ఫాంట్‌లను దూరం పెట్టండి, వాటి మీద ఆ నీడ ఉంది; మిగిలిన వందల ఫాంట్‌లకు ఆ శిక్ష అక్కరలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సుమారు 1455లో జర్మనీలోని మైంట్స్ నగరంలో గూటెన్‌బర్గ్ అచ్చువేసిన 42 పంక్తుల బైబిల్ పుటను ఒకసారి పెద్దదిగా చేసి చూడండి. అది బ్లాక్‌లెటర్‌లో టెక్స్‌టూరా అనే శైలి; చిన్న అక్షరాల నిలువు గీతలు కంచె కర్రల్లా సమాన దూరంలో నిలబడి ఉంటాయి. అక్షరం లోపలి తెలుపు ఎంత వెడల్పు ఉంటుందో, రెండు అక్షరాల నడుమ తెలుపు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. ఆ సమత్వం చెడకూడదనే ఆయన జంట అక్షరాలనూ, సంక్షిప్త రూపాలనూ, ఒకే అక్షరానికి వేర్వేరు వెడల్పులనూ కలుపుకొని దాదాపు 290 రకాల అచ్చు అక్షరాలను పోత పోయించాడు. అంత శ్రమా తెలుపు కోసమే. బ్లాక్‌లెటర్ అందం నలుపులో ఉందనుకునేవారు ఆ పుటను చూడలేదనే నేను అనుకుంటాను.

క్యాపిటల్ అక్షరాల నిర్మాణమే వేరు. అవి ఉబ్బిన పొట్టలతో, జంట గీతలతో, సన్నని ముళ్లతో, ఒక్కొక్కటి ఒక్కో వెడల్పుతో తయారైనవి. వాక్యం మొదట ఒంటరిగా నిలబడి, వెనుక వచ్చే చిన్న అక్షరాలకు దారి చూపడమే వాటి పని. అలాంటివాటిని ఏడెనిమిదింటిని పక్కపక్కన నిలబెడితే తెలుపు చిందరవందర అవుతుంది, కన్ను ఎక్కడా ఆగలేదు. జర్మన్ పుస్తకాలలో వాడిన ఫ్రాక్టూర్ అనే మరో బ్లాక్‌లెటర్ శైలిలో పరిస్థితి మరీ ఘోరం: అందులో పెద్ద ‘ఎ’ అలవాటు లేని కంటికి ‘యు’లా కనిపిస్తుంది, పెద్ద ‘ఎస్’ను ‘జి’ అని పొరబడతారు, ‘ఐ’కీ ‘జె’కీ తరతరాలుగా ఒకే ఆకారం ఉండేది. పక్కన చిన్న అక్షరాలు ఉంటే ఊహించి చదువుకోవచ్చు. అన్నీ పెద్దవే అయితే ఊహకు ఆధారమే మిగలదు.

నా మాట నమ్మకపోతే జర్మన్ ముద్రాపకులను చూడండి. ఫ్రాక్టూర్‌లో ఒక పదాన్ని నొక్కి చెప్పవలసి వచ్చినప్పుడు వారు సాధారణంగా క్యాపిటల్స్ జోలికి పోలేదు. అక్షరాల మధ్య ఎడం పెంచారు, అప్పుడు కూడా ‘సిహెచ్’, ‘సికె’, ‘టిజెడ్’ జంటలను విడదీయలేదు. న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ పత్రికల మొదటి పుట పైన బ్లాక్‌లెటర్‌లో ఉండే పత్రిక పేరు చూడండి. ప్రతి పదానికీ మొదటి అక్షరం మాత్రమే పెద్దది. ఇంతమంది అనుభవాన్ని మన క్యాప్స్ లాక్ మీట ఒక్కసారిగా తుడిచేస్తుంటే ఎలా ఊరుకోమంటారు?

చేతిపనులు చేసేవారికి ఇది డబ్బు, సమయం వృథా అయ్యే సమస్య. వినైల్ కత్తిరించే యంత్రానికి క్యాపిటల్స్‌లోని వెంట్రుక గీతలే శత్రువులు. అనవసరమైన భాగాన్ని ఒలిచేటప్పుడు ముందుగా లేచిపోయేవి అవే. స్టెన్సిల్ చేస్తే అక్షరాల లోపలి ముక్కలు ఊడిపడతాయి, కాబట్టి ప్రతి మూసిన భాగానికీ దానిని పట్టి ఉంచే సన్నని వంతెన ఒకటి వదలాలి. పొట్టలు నిండిన పెద్ద అక్షరాలలో ఆ వంతెనలు ఎన్ని కావాలో లెక్క పెట్టండి. ఎంబ్రాయిడరీలో ఒక మిల్లీమీటరు కంటే సన్నని గీత శాటిన్ కుట్టుకు సరిగా నిలవదు. కనుక ఫాంట్ ఎంచుకునేటప్పుడు, ముందు చిన్న అక్షరాలతో మీ పదాన్ని రాసి, అసలు పరిమాణంలో అచ్చు తీసి, అందులో అతి సన్నని గీతను కొలవండి. తెర మీది చిన్న శీర్షికకు పిరాటా వన్ వంటి సరళమైన టెక్స్‌టూరా పనికొస్తుంది. ప్రశంసాపత్రానికి ఓల్డ్ ఇంగ్లీష్ టెక్స్ట్ గాని క్లోయిస్టర్ బ్లాక్ గాని సరిపోతుంది. నిజమైన జర్మన్ వాసన కావాలంటే యూనిఫ్రాక్టూర్ మగుంటియా ఉంది. కలంతో రాసేవారైతే చదునైన పాళీని సుమారు 45 డిగ్రీల కోణంలో పట్టుకొని, చిన్న అక్షరం ఎత్తును అయిదు పాళీ వెడల్పులుగా ఉంచుకుంటే చాలు.

ఇంత స్పష్టమైన విషయంలో ఇందరు ఎందుకు పొరబడుతున్నారు? నా సిద్ధాంతం ఇది: నేరమంతా ఫాంట్ అమ్మే వెబ్ పుటలది. నమూనా చిత్రంలో మొదట కనిపించేది ‘ఎ’ నుంచి ‘జెడ్’ వరకు ముస్తాబైన క్యాపిటల్స్ వరుస. కొనేవారు ఆ నగలను చూసి మోహపడి, కొన్న తరువాత అన్నింటినీ ఒకేసారి తగిలించుకుంటారు. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న తేడాయే లేదు కాబట్టి, మనవాళ్లు ఆ మోహంలో మరింత సులభంగా పడుతున్నారని నా అనుమానం.

లాస్ ఏంజిలెస్ గోడల మీద మెక్సికన్ అమెరికన్లు ఓల్డ్ ఇంగ్లీష్‌ను అన్నీ క్యాపిటల్స్‌లోనే రాశారు కదా అని మీలో కొందరు వెంటనే కామెంట్ పెడతారు. రాశారు, అద్భుతంగా రాశారు. అయితే వారు కీబోర్డు మీద కొట్టలేదు. ప్రతి అక్షరాన్నీ చేత్తో తిరగ గీసి, ఎత్తు సమం చేసి, వంకర పొట్టలను నిటారు గీతలుగా మార్చి, అంటే క్యాపిటల్స్‌కు చిన్న అక్షరాల క్రమశిక్షణ నేర్పి రాశారు. అంత పని చేయగలిగినవారికి నా అభ్యంతరం లేదు.

ఇంకా నాదే తప్పు అనేవారు ఒక పని చేయండి. మీ ఇంటిపేరును ఫెట్టె ఫ్రాక్టూర్ అనే ఫాంట్‌లో, అన్నీ క్యాపిటల్స్‌లో టైపు చేసి, మిమ్మల్ని ఎరుగని ఒక మనిషికి చూపించి, ఆయన ఏమని చదివారో ఉన్నది ఉన్నట్లుగా కామెంట్లలో రాయండి.