దానిమ్మ తొక్కల పచ్చ

శ్రోతలకు నమస్కారం. నాకిచ్చింది ఎనిమిది నిమిషాలు, అందుకని రంగుల చరిత్ర జోలికి వెళ్ళను. కుట్టుపనికి వాడే దారాలకు ఇంట్లోనే మనం రంగు వేసుకోవడం గురించి చెప్తాను, అదీ అన్ని రంగులూ కాదు, ఒక్క దానిమ్మ తొక్కల రంగే. నాకు అది బాగా ఇష్టం, ఇష్టమైనదాని గురించే నాలుగు మాటలు సరిగ్గా వస్తాయి.

దారాలు బజార్లో దొరుకుతుండగా ఈ తిప్పలెందుకు అంటారేమో. నిజమే. షాపుకు వెళ్తే ఆరు పోగుల దారం, ఎనిమిది మీటర్ల లచ్చి, ఒక్క ఆకుపచ్చలోనే పాతిక రకాలు. కాకపోతే ఏ లచ్చి తీసినా ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకటే పచ్చ. మామిడాకును చేతిలోకి తీసుకుని ఒకసారి చూడండి. ఈనె దగ్గర ఒక రంగు, అంచున ఇంకో రంగు, ముదురాకు వేరు, చిగురు వేరు. ఆ తేడా ఒకే దారంలో రావాలంటే మనమే వేసుకోవాలి.

ముందు దారం సంగతి. తెల్ల నూలు దారం యాభై గ్రాములు తీసుకోండి. లచ్చిలాగా చుట్టి, చిక్కు పడకుండా నాలుగు చోట్ల కట్టాలి. వదులుగా కట్టండి. మళ్ళీ చెప్తున్నా, వదులుగా. నేను మొదటిసారి జడ బిగించినట్టు బిగించి కట్టాను, ముడి విప్పి చూస్తే ముడి ఉన్న ప్రతిచోటా తెల్లగా ఉంగరంలా మిగిలిపోయింది. కట్టు కింద వేలు దూరాలి, అంత వదులు.

తర్వాత దాన్ని సబ్బు నీళ్ళలో కాస్త చాకలి సోడా వేసి ఒక గంట ఉడికించాలి. తెల్లగానే ఉంది కదా, దీన్ని ఇంకా ఉడకబెట్టేదేముంది అనిపిస్తుంది. మగ్గం నూలు అయితే మీకే తెలుస్తుంది, నీళ్ళు పలచటి టీ రంగుకు తిరుగుతాయి. పత్తికి సహజంగా ఉండే జిడ్డు అది. అది పోకపోతే రంగు ఒకచోట పట్టి ఒకచోట పట్టదు. బాగా జాడించి, రెండు చెంచాల పటిక పొడి వేడినీళ్ళలో కరిగించి, దారం అందులో వేసి రాత్రంతా వదిలేయండి. దారానికీ రంగుకూ మధ్య కుదిర్చిపెట్టేది ఆ పటికే.

ఇక తొక్కలు. నాలుగైదు కాయల తొక్కలు ఎండబెట్టినవి చాలు. మా ఇంట్లో ఎవరు దానిమ్మ తిన్నా తొక్క పిట్టగోడ మీద పెట్టాలి, చెత్తబుట్టలో కనబడితే నేను ఊరుకోను, ఆ విషయం మా మనవడికి కూడా తెలుసు. వాటిని ముక్కలు చేసి, రెండు లీటర్ల నీళ్ళలో గంటసేపు మరిగించి, వడగట్టి, ఆ నీళ్ళలో తడి దారం వేసి సన్నటి మంట మీద ముప్పావు గంట ఉంచాలి. తెర్లనివ్వకండి, ఊరికే కలియబెట్టకండి, చిక్కులు పడతాయి. పొయ్యి ఆపి అందులోనే చల్లారనివ్వండి. తీస్తే పసుపు వస్తుంది. పసుపు కొమ్ము పసుపు కాదు, కాస్త మట్టి కలిసిన, పాత పట్టుచీర అంచులాంటి పసుపు.

ఇప్పుడు నాకు ఇష్టమైన ఘట్టం. ఒక పాత ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ళు పోసి చిటికెడు అన్నభేది, అంటే ఇనుము ఉండే ఒక లవణం, కరిగించండి. చిటికెడే, ఎక్కువైతే దారం పెళుసుబారి కుట్టేటప్పుడు పుటుక్కున తెగుతుంది. ఆ పసుపు లచ్చిని ఒక చివర పట్టుకుని, సగం మాత్రమే ఆ నీళ్ళలోకి దించండి. చూస్తుండగానే, నిజంగా కళ్ళముందే, ఆ సగం పసుపు మసకబారి, ముదురు పచ్చలోకి, ఇంకాస్త ఉంచితే బూడిద కలిసిన పచ్చలోకి దిగిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను గాబరాపడి బయటికి లాగేశాను. సగం పసుపు, సగం పచ్చ, మధ్యలో జానెడు మేర ఏ పేరూ పెట్టలేని రంగు. ఆ జానెడు కోసమే ఈ శ్రమంతా.

ఇది మనకు కొత్త కాదు. ఇనుప కత్తిపీట మీద పచ్చి అరటికాయ తరిగితే కత్తిపీట నల్లబడదూ? కాయలోని వగరు ఇనుముకు తగిలితే జరిగేది అదే. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలూ బెల్లమూ కుండలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ నీటితో గీత గీస్తే కరక్కాయ పట్టిన బట్ట మీద అది నల్లగా తేలుతుంది. వాళ్ళది కలం, మనది బకెట్, అంతే తేడా. అన్నట్టు, అన్నభేది తగిలిన గిన్నె మళ్ళీ వంటకు వాడకండి, దాన్ని విడిగా పెట్టేయండి.

పసుపు, బీట్‌రూట్ ఎందుకు వాడకూడదు అని అడుగుతారు. వాడండి, సరదాగా ఉంటుంది. కానీ పసుపు ఎండకు వెలిసిపోతుంది, బీట్‌రూట్ నూలు మీద రెండు ఉతుకులకు కూడా నిలవదు. గంటలు గంటలు కూర్చుని కుట్టేదానికి అవి పెట్టడం నాకు మనసొప్పదు.

టైమ్ అయిపోతోంది. ఒక్క మాట, ఇది మాత్రం రాసుకోండి. రంగు వేసిన దారాన్ని పరీక్ష చేయకుండా సూదిలోకి ఎక్కించకండి. ఒకసారి సంతలో పొట్లం రంగు కొని ఎర్రదారం తయారుచేసి, మా చెల్లెలి కూతురికి తెల్ల దిండు గలేబుల మీద కాడకుట్టుతో మందారాలు కుట్టిచ్చాను. నెల రోజుల పని. మొదటి ఉతుకులోనే గలేబులు రెండూ గులాబీ రంగుకు తిరిగాయి. పాపం ఆ పిల్ల నాతో చెప్పలేదు, వాళ్ళింటికి వెళ్ళినప్పుడు దండెం మీద నేనే చూశాను.

అప్పటి నుంచి చేసేది ఇది. జానెడు దారం తడిపి, తెల్లగుడ్డ మడతలో పెట్టి, వేడి ఇస్త్రీపెట్టెతో గట్టిగా అదమండి. గుడ్డకు గీత అంటితే దారాన్ని కుంకుడు రసంలో ఉతికి, ఆరబెట్టి, మళ్ళీ చూడండి. అంటితే మళ్ళీ ఉతకండి. కొన్న దారాలకు కూడా, ముఖ్యంగా ఎరుపు, నలుపు అయితే, ఇదే చేయండి. పోయిన వారం నా దానిమ్మ పచ్చకు మొదటిసారి గుడ్డ మీద సన్నటి గీత పడింది, రెండోసారి పడీ పడనట్టు పడింది, మూడోసారి గుడ్డ తెల్లగా వచ్చింది. అప్పుడు తీసుకున్నా సూది.