గోడకి ఉప్పు పట్టిందా? రంగు డబ్బా కొనేముందు ఈ పని చేయండి

నమస్కారమండీ. ఇప్పుడు నేనున్నది విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో, మా పిన్ని వాళ్ల ఇంట్లో. ఈ పడగ్గది గోడ ఒకసారి దగ్గరగా చూడండి. గచ్చు నుంచి రెండున్నర అడుగుల ఎత్తు దాకా రంగు బొబ్బలెక్కింది. వేలితో ఇలా నొక్కానో లేదో పెచ్చు ఊడి అరచేతిలో పడింది. దాని వెనకాల తెల్లగా, దూదిపింజలా ఉంది చూశారా? అదే ఉప్పు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఆ నీళ్లు ఈ వీధిలోకి వచ్చాయి. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వాళ్లకి ఆ రోజులు నేను చెప్పక్కర్లేదు. ఈ గదిలో నడుములోతు నీళ్లు తొమ్మిది రోజులున్నాయి. తీశాక బురద కడిగారు, సామాను ఎండబెట్టారు. సంక్రాంతికి ఇల్లు కళగా ఉండాలని నాలుగు నెలలు తిరక్కుండానే లప్పం పెట్టించి రంగు వేయించారు. వేసవికల్లా ఊడటం మొదలైంది. గీకించి మళ్లీ వేయించారు. మళ్లీ ఊడింది. రంగు వేసినాయన్ని నేను ఒక్క మాట కూడా అనను. పండక్కి అయిపోవాలని తొందరపెట్టింది మనమే.

గోడ ఎంత నీళ్లు తాగుతుందో ఒక్కసారి లెక్క చూద్దాం. ఇటుక సుమారు మూడు కిలోలుంటుంది. నాణ్యమైన ఇటుక కూడా 24 గంటలు నానబెడితే తన బరువులో 20 శాతం దాకా నీళ్లు పీల్చుకోవచ్చు. అంటే ఒక్క ఇటుకలో అర లీటరు పైనే. ఇది తొమ్మిదంగుళాల గోడ. ఆరడానికి అంగుళానికి నెల అని ఒక మోటు లెక్క ఉంది. నాలుగు నెలలకి ఈ గోడ సగం కూడా ఆరి ఉండదు. దాని మీద లప్పం, ప్రైమర్, రెండు చేతులు రంగు. లోపలి నీళ్లు బయటికి రావాలి కదా? వస్తూ వస్తూ ఇటుకలో, సిమెంటులో, బురదలో ఉన్న ఉప్పుని కరిగించుకుని వస్తాయి. గోడ పైపొర దాకా వచ్చాక నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు రంగు వెనకాల గడ్డకడుతుంది. ఆ గడ్డ పెరిగే కొద్దీ రంగుని బయటికి నెట్టేస్తుంది. ఎంత ఖరీదైన రంగైనా ఆ తోపుడుకి ఆగదు.

అందుకే ఈ వీడియోలో రంగు గురించి చివర్లో చెబుతాను. ముందు నీళ్లు ఎక్కడివో తేల్చుకుందాం. ఇది ఒక్కరోజులో తీసిన వీడియో కాదు. జనవరి చివర్లో మొదలుపెట్టాం, ఏప్రిల్ మొదట్లో అయింది. మన దగ్గర ఈ పనికి సరైన కాలం అదే. వానల్లో గోడ ఆరదు. మేలో చేద్దామంటే రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయి, పచ్చి ప్లాస్టరింగ్ ఏం ఆగుతుంది?

పిన్నీ, ఆ మంచం కొంచెం ఇటు జరుపుదాం.

ఇదిగో, రెండడుగుల చదరం మందపాటి పాలిథిన్ షీటు. గోడ మీద ఊడిన పెచ్చులు గీకి, నాలుగు అంచుల్నీ టేపుతో గాలి చొరకుండా అంటిస్తున్నాను. రెండు రోజులు కదపకూడదు. తర్వాత చూస్తే షీటు పైన, అంటే గది వైపు తడి ఉంటే అది గదిలో గాలి చెమ్మ. షీటు కింద, గోడ వైపు నీటిబొట్లుంటే గోడ లోపలి నుంచి నీళ్లు వస్తున్నట్టు. నేను ఇలాంటివి రెండు అంటించాను. ఒకటి ముందు హాల్లో, ఒకటి ఇక్కడ. రెండు గోడలూ అదే వరదలో మునిగాయి, రెండింటికీ ఉప్పు పట్టింది.

రెండు రోజుల తర్వాత ఇది హాలు గోడ షీటు. లోపల పొడిగా ఉంది. అంటే వరద నీళ్లు ఆరిపోయాయి, మిగిలింది పాత ఉప్పు. ఇప్పుడు పడగ్గది షీటు చూడండి. లోపలంతా బొట్లు. వరద పోయి ఏడాది దాటాక కూడా ఈ గోడకి రోజూ కొత్తగా నీళ్లు అందుతున్నాయన్నమాట. మా ఇంట్లో అందరం అన్నిటికీ బుడమేరే కారణం అనుకున్నాం. ఈ గోడకి అవతల ఏముందో తెలుసా? బాత్రూమ్.

ఇక్కడ కొంచెం ఆగి ఒక మాట. తడి ఎక్కడుందో చూస్తే సగం సంగతి అక్కడే తెలుస్తుంది. గచ్చు నుంచి మూడడుగుల లోపు పట్టీలా ఉంటే నేలలోంచి ఎక్కుతున్న చెమ్మ, లేదా గోడ అవతల నేల మీద నిలిచే నీళ్లు. గోడ మధ్యలో గుండ్రంగా మచ్చ ఉంటే లోపల పైపు చూసుకోవాలి. స్లాబు కింద అయితే డాబా. కిటికీ మూలల్లో అయితే సన్‌షేడు గోడని కలిసే చోటు. బయట గోడకి ఆనించి మొక్కల మడి ఉందా, వాషింగ్ మెషీన్ నీళ్లు, ఏసీ నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయా చూడండి. ఇంకోటి, మన ఊళ్లో రోడ్డు మీద రోడ్డు వేసి చాలా పాత ఇళ్ల గచ్చు రోడ్డు కంటే కిందకి పోయింది. అలాంటి ఇంటికి లోపల ఎంత చేసినా లాభం లేదు. బయట గోడ పొడుగునా రెండడుగుల వెడల్పు కాంక్రీటు, నీళ్లు గోడ నుంచి అవతలికి జారేలా వాలుతో వేయించుకోవాలి.

సరే, బాత్రూమ్‌లోకి రండి. నీళ్లు పోయే జాలీ మూత తీసి, పాతగుడ్డ పాలిథిన్ సంచిలో చుట్టి ఆ రంధ్రంలో గట్టిగా బిగించాను. అంగుళం ఎత్తు నీళ్లు నింపాను. నీటిమట్టం దగ్గర టైలు మీద పెన్సిల్‌తో గీత. పక్కనే ఈ పళ్లెంలో కూడా నీళ్లు పోసి అదే లోతుకి గీత పెట్టాను. పళ్లెం ఎందుకంటే, నీళ్లు ఎలాగూ కొంత ఆవిరవుతాయి. పళ్లెంలో ఎంత తగ్గిందో అది ఆవిరి. అంతకు మించి గచ్చు మీద తగ్గితే అది కారిపోయింది. ఆ రోజు బాత్రూమ్ వాడకూడదు. పిన్ని పక్కింటికి వెళ్లింది, పాపం.

మర్నాడు చూస్తే పళ్లెంలో గీత దగ్గరే ఉన్నాయి. గచ్చు మీద సగానికి సగం లేవు. నీళ్లలో కలిపిన చెంచాడు నీలిమందు ఎక్కడ పేరుకుందో చూడండి. ఈ మూల, టైలుకీ గోడకీ మధ్య సందులో, జాలీ చుట్టూ. అక్కడి పాత వైట్ సిమెంటు పొడిపొడిగా రాలిపోయింది. గోడకి రోజూ స్నానం చేయించాం అన్నమాట.

బాగుచేయడం కష్టం కాదు. పాత సందుని సన్నటి ఉలితో, టైలు అంచు పగలకుండా, రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గీకాలి. బ్రష్‌తో దుమ్ము తీసి, రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. తడి సందులో ఏది నింపినా పట్టదు. వైట్ సిమెంటు మళ్లీ నింపకండి. టైల్స్ సందుల్లో నింపే ఎపాక్సీ గ్రౌట్ అని ఉంటుంది, అది అడగండి. ఖరీదెక్కువే, కానీ నీళ్లు పీల్చదు. రెండు భాగాలుగా వస్తుంది, డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి త్వరగా వాడేయాలి. గట్టిపడ్డాక మళ్లీ అదే నీళ్ల పరీక్ష చేయండి. మేం చేశాం, ఈసారి పళ్లెమూ గచ్చూ ఒకేలా ఉన్నాయి. ఇది తేలేదాకా గోడని ముట్టుకోలేదు.

ఇప్పుడు గోడ. మొట్టమొదట కరెంటు. తడి గోడ మీద స్విచ్‌బోర్డు ఉంటే మెయిన్ ఆపేయండి, టెస్టర్‌తో చూసుకోండి. వరదలో మునిగిన వైరింగ్ అయితే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఈ ఒక్క విషయంలో సొంత ప్రయోగాలు వద్దని బతిమాలుతున్నాను. పిల్లర్లకి పగులున్నా, స్లాబు పెచ్చులూడి తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తున్నా అది కూడా మనం చేసే పని కాదు, ఇంజనీరు చూడాలి.

కళ్లద్దాలు, మాస్కు, చేతికి తొడుగులు పెట్టుకుని ఉలి వెనక భాగంతో గోడ మీద కొడుతూ పోండి. గట్టిగా ఉన్న చోట టక్ మంటుంది. డొల్లగా ఉన్న చోట... వినండి. తేడా తెలిసింది కదా? డొల్ల ఉన్నంత మేరా తీసేయాలి. ఎత్తు విషయంలో మాత్రం, తడి గీత ఎక్కడుందో అక్కడితో ఆపకుండా ఇంకో అడుగు పైదాకా తీయండి. ఉప్పు కంటికి కనిపించే గీత కన్నా పైకి ఎక్కి ఉంటుంది. ఇటుకల మధ్య సున్నం, సిమెంటు వదులుగా ఉన్న సందుల్ని కూడా అర అంగుళం లోతు గీకండి.

తర్వాత పొడి వైర్ బ్రష్‌తో ఉప్పుని రుద్ది, చాటలోకి ఎత్తి ఇంటి బయట పారేయండి. నీళ్లతో మాత్రం కడగొద్దు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. చాలామంది శుభ్రంగా ఉంటుందని కడిగేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. ఇలా రుద్ది వదిలేశాం. వారానికి మళ్లీ తెల్లగా పొంగింది, మళ్లీ రుద్దాం. మూడోసారి చాలా తగ్గింది. కిటికీలు తెరిచి, ఫ్యాను తిప్పి మూడు వారాలు ఉత్త ఇటుకలతో ఉంచాం. పిన్నికి ఈ మూడు వారాలే అన్నిటికన్నా కష్టంగా అనిపించాయి. చుట్టాలొస్తే ఏమనుకుంటారు అని. ఆరని గోడకి చీర కట్టడం కన్నా మూడు వారాలు ఓర్చుకోవడం మేలని నచ్చజెప్పాను.

పాలిథిన్ మళ్లీ అంటించి, లోపల పొడిగా ఉందని చూసుకున్నాకే ప్లాస్టరింగ్. ఇది ఎనిమిదడుగుల పొడవు, మూడున్నర అడుగుల ఎత్తు. దీనికి 50 కిలోల బస్తా అక్కర్లేదు. విడిగా కిలోల లెక్కన ఇచ్చే కొట్టులో 12 కిలోల సిమెంటు, 5 కిలోల సున్నం పొడి తెచ్చాను. ఇసుక 20 లీటర్ల బకెట్లతో రెండున్నర, సన్న జల్లెడ పట్టింది. పాళ్లు డబ్బాతో కొలవండి. సిమెంటు ఒక పాలు, సున్నం ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు. సున్నం ఎందుకంటే, ఉత్త సిమెంటు కన్నా గోడ ఊపిరి పీల్చుకుంటుంది. ఏ కాస్త చెమ్మ మిగిలినా బయటికి పోయే దారి ఉంటుంది. వన్‌టౌన్ పాత ఇళ్ల సున్నపు గోడలు ఇన్నాళ్లు నిలబడటంలో ఈ గుణం కూడా ఉంది. నీళ్లు తాగడానికి పనికొచ్చేవే వాడండి. ఉప్పు బోరు నీళ్లు కలిపితే వెళ్లగొట్టిన ఉప్పుని మనమే పిలిచి పీట వేసినట్టు.

అరగంటలో వాడగలిగినంతే కలపండి. ఇటుకల మీద నీళ్లు చిలకరించి, తాపీతో గట్టిగా విసిరి అర అంగుళం మందం, పాత ప్లాస్టరింగ్‌కి సమంగా వచ్చేలా చెక్కతో లాగండి. మొదటిసారి జారిపడుతుంది, కంగారు పడకండి. పడింది ఎత్తి మళ్లీ విసరండి, గచ్చు మీద ముందే గోనెపట్టా పరిస్తే మట్టి అంటదు. సున్నం, సిమెంటు చేతికి తగిలితే మండుతుంది, వెంటనే కడుక్కోండి. ఆ తర్వాత ఏడు రోజులు పొద్దున, సాయంత్రం తడపాలి. తడపడం ఆపాక నాలుగు వారాలు ఆరాలి.

ఇక రంగు. ఈ ఎత్తు వరకు నేను సున్నమే వేస్తున్నాను. పిన్ని మొదట ఒప్పుకోలేదు, చేతికీ చీరకీ అంటుకుంటుందని. టైల్స్ వేయించేద్దాం అంది. చెమ్మ ఎక్కిన గోడకి టైల్స్ వేసిన ఇళ్లు మీరూ చూసే ఉంటారు. తడి ఆ టైల్స్ వెనక నుంచి ఎక్కి, వాటి పైఅంచు దగ్గర బయటపడుతుంది. నీళ్లు పట్టని కోటింగు లోపలి వైపు వేసినా అంతే. అందుకని ఈ వానాకాలం గడిచేదాకా సున్నం ఉంచి, అప్పుడు మామూలు రంగు వేయించుకుందాం అని ఒప్పందం. సున్నం పొడి ముందురోజు రాత్రే నీళ్లలో నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, పాలంత పల్చగా చేసుకోండి. అంటుకోకుండా కాస్త బంక కరిగించి కలపండి, తెలుపు నిగనిగలాడటానికి చిటికెడు నీలిమందు. గోడ కొంచెం తడిపి, రోజుకి ఒక పూత చొప్పున మూడు పూతలు. తడిగా ఉన్నప్పుడు ఏమీ వేయనట్టే కనిపిస్తుంది. ఆరాక తెల్లబడుతుంది, చిక్కగా పూసేయకండి, పెచ్చులవుతుంది.

ఇదిగోండి, మూడో పూత ఆరింది. ఈ మూల కింద పెన్సిల్‌తో ఇవాళ్టి తేదీ రాసి గీత పెట్టాను. శ్రావణం వానలయ్యాక వచ్చి ఇదే చోట పాలిథిన్ అంటించి మీకు చూపిస్తాను. అప్పటికి తడి లేకపోతేనే రంగు డబ్బా కొంటాం.

పిన్నీ, ఆ మంచం గోడకి ఆనించకు. జానెడు ఎడంగా ఉండనీ, గాలి ఆడాలి.