తలనొప్పి తగ్గకపోతే మాత్రలతో సరిపెట్టుకోకండి

ఆశా కార్యకర్తలకు, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) కౌన్సెలర్లకు, హెచ్‌ఐవీతో జీవిస్తున్న మిత్రులకు, వారి కుటుంబ సభ్యులకు నమస్కారం. హెచ్‌ఐవీ ఉన్నవారిలో తగ్గని తలనొప్పికి కారణమయ్యే క్రిప్టోకోకస్ అనే ఫంగస్ గురించే ఈరోజు నా మాట.

హెచ్‌ఐవీ ఉన్నవారికి వచ్చే ఫంగస్ జబ్బులు అనగానే ముందుగా గుర్తొచ్చేది నోటిపూత. నాలుక మీద, బుగ్గల లోపల మీగడ తరకల్లా తెల్లని పొర కడుతుంది. ఇది క్యాండిడా అనే ఫంగస్ పని. చూడగానే పోల్చుకోవచ్చు, మందుతో తగ్గుతుంది. కానీ ముద్ద దిగుతుంటే రొమ్ము ఎముక వెనక నొప్పి అంటున్నారంటే జబ్బు అన్నవాహికలోకి పాకిందని, రోగనిరోధక శక్తి బాగా పడిపోయిందని అనుమానించాలి. వెంటనే సీడీ4 పరీక్ష, అంటే రక్తంలో రోగనిరోధక కణాల లెక్క, చేయించాలి.

రెండోది న్యుమోసిస్టిస్ న్యుమోనియా. 1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు ఇది సోకిందన్న నివేదికతోనే ఎయిడ్స్ కథ వెలుగులోకి వచ్చింది. పొడిదగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం దీని గుర్తులు. సీడీ4 తక్కువగా ఉన్నవారికి ఇచ్చే కోట్రైమాక్సజోల్ మాత్ర దీని నుంచి కాపాడుతుంది. డాక్టరు చెప్పేదాకా దాన్ని మానకండి.

నేను ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది మూడోదాని గురించి. దాని పేరు క్రిప్టోకోకస్. పావురాల రెట్టలో, మట్టిలో ఉంటుంది. మన విశాఖ అపార్టుమెంట్లలో ఏసీ పెట్టెల వెనక ఎండి పొడిగా రాలే రెట్టను మీరంతా చూసే ఉంటారు. సీడీ4 తక్కువగా ఉన్నవారు దాన్ని ఊడ్చే పని పెట్టుకోవద్దు. ఊపిరితో లోపలికి వెళ్లిన ఈ ఫంగస్‌ను ఆరోగ్యవంతుల శరీరం అణచివేస్తుంది. సీడీ4 వందకంటే తగ్గినవారిలో మాత్రం అది మెదడు పొరలను చేరగలదు. మనిషి నుంచి మనిషికి అంటదు కాబట్టి రోగిని విడిగా ఉంచాల్సిన పని లేదు.

ఇది చాలామందిలో ఒక్కరోజులో ముంచుకొచ్చే జబ్బు కాదు. రెండు మూడు వారాలు తలనొప్పి, కొద్దిపాటి జ్వరం, తర్వాత వాంతులు, చూపు మసకబారడం, చివరికి తికమక. మెడ బిగుసుకోకపోవచ్చు కూడా. ఆ విలువైన వారాలన్నీ నొప్పి మాత్రలతో గడిచిపోతున్నాయి. చేపల వేటకు వెళ్లి ఏఆర్‌టీ మందులు అయిపోయినవారు, పనికోసం వలసపోయి ఏఆర్‌టీ కేంద్రానికి రాలేనివారు తలనొప్పి అన్నారంటే మీ చెవులు నిక్కబొడుచుకోవాలి. ఈ ఫంగస్ ఆనవాళ్లను పట్టే క్రిప్టోకోకల్ యాంటిజెన్ పరీక్షకు కొద్దిపాటి రక్తం చాలు, పది నిమిషాల్లో ఫలితం వస్తుంది. తలనొప్పి మొదలవడానికి వారాల ముందే ఇది జబ్బును పసిగట్టగలదు. సీడీ4 వందలోపు ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష జరగాలి. ఇది అడిగి తీసుకోవాల్సిన హక్కని నేను నమ్ముతాను.

ఇక వెన్నులో నీరు తీయడం. శ్రీకాకుళం నుంచో, పాడేరు నుంచో విశాఖలోని కేజీహెచ్ పెద్దాసుపత్రి దాకా వచ్చి కూడా ఈ మాట వినగానే ఇంటికి తీసుకుపోతామనే కుటుంబాలున్నాయి. కాళ్లు పడిపోతాయని భయం. పెద్దల్లో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. సూది గుచ్చేది దానికి కింద. పైగా ఇక్కడ నీరు తీయడం పరీక్ష మాత్రమే కాదు, చికిత్స కూడా. ఫంగస్ వల్ల తలలో ఒత్తిడి పెరిగి చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. నీరు తీసిన కాసేపటికే, అంతవరకు తల పట్టుకుని మూలిగిన మనిషి కళ్లు తెరిచి మంచినీళ్లు అడగడం చూస్తాం. ఒత్తిడి మళ్లీ పెరిగితే మళ్లీ తీయాలి. రెండోసారి అడిగినప్పుడు దయచేసి కాదనకండి.

ఈ ఫంగస్‌ను చంపే మందుల్లోనూ మార్పు వచ్చింది. లైపోసోమల్ యాంఫోటెరిసిన్ ఒకే పెద్ద మోతాదు, దానితోపాటు 14 రోజులు ఫ్లూసైటోసిన్, ఫ్లూకోనజోల్ ఇవ్వాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఈ మందులు జిల్లా ఆసుపత్రుల్లోనూ దొరికేలా మనం గట్టిగా అడగాలి.

కుటుంబాలు తొందరపడే చోటు ఇంకొకటి ఉంది. మానేసిన ఏఆర్‌టీ మాత్రలను వెంటనే మింగించాలనుకుంటారు. మెదడులో ఫంగస్ ఉండగా రోగనిరోధక శక్తి ఒక్కసారిగా తిరిగొస్తే వాపు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందు ఫంగస్‌కు చికిత్స, 4 నుంచి 6 వారాల తర్వాత ఏఆర్‌టీ. ఆ తేదీని డాక్టరు చేత చీటీ మీద రాయించుకోండి. ఫ్లూకోనజోల్ మాత్రం కనీసం ఏడాదిపాటు, సీడీ4 కోలుకునేదాకా సాగాలి. తలనొప్పి పోయిందని మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. అందరి ముందు అడగలేనివారు తర్వాత విడిగా వచ్చి మాట్లాడవచ్చు, లేదా 1097కు ఫోను చేయవచ్చు. అది ఉచితం.